పాత జిప్సీలో మోత ఎక్కడిదో విప్పకుండానే పట్టడం

నర్సీపట్నంలో మా షెడ్డుకొచ్చే పాత మారుతీ జిప్సీ జీపులు చాలావరకు "గేర్‌బాక్స్ పోయినట్టుంది" అన్న మాటతోనే వస్తాయి. లంబసింగి ఘాట్ ఎక్కి దిగే బళ్లు, వేలంలో కొన్న మిలిటరీ బళ్లు. నన్నడిగితే గేర్‌బాక్స్‌ని ఆఖర్న అనుమానించాలి. దించి ఎక్కించాక మళ్లీ అదే మోత వస్తే కూలీ ఎవరిస్తారు?

మొదట చూడాల్సింది టైర్లు. తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డెక్కగానే శబ్దం మారితే అది టైర్లదే, మడ్ టైర్లయితే మరీను. తర్వాత ఖాళీ రోడ్డు మీద స్టీరింగు మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. కుడికి తిప్పినప్పుడు హోరు పెరిగితే, బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, మొదట ఎడమ చక్రం బేరింగు చూడాలి.

ఇక అసలు పని. జిప్సీలో గేర్‌బాక్స్ వేరు, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకో, నాలుగు చక్రాలకో పంపే ట్రాన్స్‌ఫర్ కేసు వేరు. రెంటి మధ్యా ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. ఈ అమరిక మనకి భలే కలిసొస్తుంది. చదును నేల మీద నిలిపి, చక్రాలకి రాళ్లు పెట్టి, ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో వేయండి. అందులో ఉండగా మెయిన్ గేరు వేసినా అది బండిని ఆపదు, కాబట్టి రాళ్లు మరవొద్దు. ఇంజన్ ఆన్ చేసి, మూడో గేరు వేసి, క్లచ్ వదలండి. పొట్టి షాఫ్టు దాకా అన్నీ తిరుగుతాయి, చక్రాలు తిరగవు. మోత ఇక్కడే వినబడితే వెనక ఇరుసు హౌసింగు జోలికి వెళ్లక్కర్లేదు. గేరు తీసేసినా మోత ఉండి, క్లచ్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగు. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు. గేర్‌బాక్స్ దించే మాట అప్పుడు మాట్లాడదాం.

ముందు చక్రాల్ని ఇరుసుకి కలిపే, విడదీసే హబ్బులు చేత్తో తిప్పేవైతే ఇంకో పరీక్ష. ట్రాన్స్‌ఫర్ లివర్ టూ హైలోనే (వెనక చక్రాలకే బలం) ఉంచి, ఒకసారి హబ్బులు ఫ్రీలో, ఒకసారి లాక్‌లో పెట్టి నడపండి. లాక్ చేస్తే చక్రాలే ముందు డిఫరెన్షియల్‌నీ షాఫ్టునీ తిప్పుతాయి. కొత్తగా మోత పుడితే అది ముందువైపుదే. ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ బలం) చూడాలంటే మట్టి రోడ్డుకే వెళ్లండి. తారు మీద మలుపు తిరిగితే షాఫ్టులు బిగుసుకుని, లేని చప్పుళ్లు వస్తాయి.

గేరు వేసి కదిలేటప్పుడు, రివర్సుకి మార్చేటప్పుడు "టక్"మంటే షాఫ్టు కొసల్లో కీళ్లలా ఉండే క్రాసులు. ఇంజన్ ఆపి, బండి కిందకి దూరి, క్రాసుకి అటూ ఇటూ దాన్ని పట్టుకుని ఉన్న యోకుల్ని రెండు చేతులా పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. క్రాసు దగ్గర ఏ కాస్త ఆడినా అది పోయినట్టే. క్రాసు కొసన ఉండే బేరింగు కప్పు అంచున పసుపూ కారం కలిపినట్టు ఎర్రపొడి కనబడితే గ్రీజు ఏనాడో ఆరిపోయింది. షాఫ్టు విప్పేముందు రెండు కొసల్లోనూ పెయింటుతో గీత పెట్టుకోండి, బిగించేటప్పుడు గీతలు కలవాలి.

యాక్సిలరేటర్ తొక్కితే కూత వచ్చి వదిలితే పోయినా, వదిలినప్పుడే వచ్చినా ఇరుసు మధ్య డిఫరెన్షియల్‌లో ఉండే క్రౌన్ పినియన్ గేర్ల మీద అనుమానం పెట్టుకోండి. దానికి డిఫరెన్షియల్ ఆయిలు చూడాలి. మొదట ఆయిలు నింపే బోల్టు విప్పండి. అది తుప్పు పట్టి రాకపోతే కింది బోల్టు ముట్టుకోవద్దు, ఆయిలంతా కారిపోయాక మళ్లీ పోసే దారుండదు. పాత ఆయిలుని వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెత్తటి బూడిదరంగు పేస్టయితే కొత్త ఆయిలు పోసి నడుపుకోవచ్చు. గోరుకి తగిలే పెచ్చులుంటే హౌసింగు విప్పాల్సిందే.