అబొరిజినల్ స్టడీస్ ట్యుటోరియల్ చేతికొస్తే

ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ చేస్తూ క్యాజువల్ ట్యూటర్‌గా గంటలు దొరికించుకునే మనవాళ్ళకు ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ యూనిట్ తగిలే అవకాశం ఉంది. నర్సింగ్, టీచింగ్, లా, సోషల్ వర్క్ పిల్లలంతా కలిసి కూర్చునే ఫస్టియర్ అబొరిజినల్ స్టడీస్, అంటే ఆస్ట్రేలియా మూలవాసుల గురించిన పాఠం. లెక్చర్ ఇచ్చేది అబొరిజినల్ అకడమిక్. వారం వారం ట్యుటోరియల్ గదిలో పిల్లల ముందు కూర్చోవాల్సింది మాత్రం మీరు. నేను ఈ పని మెల్‌బోర్న్‌లో చేస్తున్నాను. అందుకని ఉదాహరణలు విక్టోరియావి ఎక్కువ వస్తాయి. మీరు పెర్త్‌లోనో బ్రిస్బేన్‌లోనో ఉంటే అక్కడి చట్టాలు, అక్కడి ఊళ్ళు పెట్టుకోండి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అబొరిజినల్ మనుషుల ఆచారాలూ నమ్మకాలూ వివరించే అర్హత మనకు లేదు. అది చెప్పాల్సినవాళ్ళు చెబుతారు. మన చేతిలో ఉన్న పని వేరు: వాళ్ళ మీద ప్రభుత్వం రాసిన కాగితాలనూ, ఆ కాగితాలకు వాళ్ళు ఇచ్చిన జవాబులనూ పిల్లల చేత చదివించడం. చట్టాలు, పిటిషన్లు, విచారణల రికార్డులు, తీర్పులు. “పాపం, వీళ్ళకు ఎంత కష్టమొచ్చింది” అని మొదలైన క్లాసు పది నిమిషాల్లో జాలి దగ్గర ఆగిపోతుంది. “ఎవరు, ఏ సెక్షన్ కింద, ఏం చేశారు” అని మొదలుపెడితే టైమైపోయినా లేవరు.

రాజ్యాంగ సవరణ మీద జరిగిన 1967 రెఫరెండం పాఠం ఎలా నడుపుతానో కాస్త వివరంగా చెబుతాను, మిగతావన్నీ దాని అచ్చులోనే ఉంటాయి కాబట్టి. “1967లో ఏం జరిగింది?” అని అడిగితే గదిలో సగంమంది “ఓటు హక్కు వచ్చింది” అంటారు, ఇంకొందరు “పౌరసత్వం” అంటారు. దిద్దకండి. ఆ మాటలు అలాగే బోర్డు మీద రాసి, రాజ్యాంగంలోని రెండు పాత సెక్షన్లున్న కాగితం పంచండి. 51వ సెక్షన్, 26వ క్లాజు: ఏ జాతి ప్రజల కోసమైనా ప్రత్యేక చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు ఉంది, “ఏ రాష్ట్రంలోనైనా ఉన్న అబొరిజినల్ జాతి తప్ప”. 127వ సెక్షన్: జనాభా లెక్కించేటప్పుడు అబొరిజినల్ స్థానికులను లెక్కలోకి తీసుకోకూడదు. రెఫరెండం ఏం తీసేసిందో పెన్నుతో కొట్టేయమనండి. మొదటిదాంట్లో ఆ “తప్ప” ముక్క పోతుంది. రెండోది మొత్తం పోతుంది. అప్పుడు అడగండి: ఇందులో ఓటు అన్న మాట ఎక్కడుంది?

వెతుకుతారు. వెతకనివ్వండి, మీరు నోరు విప్పకండి. దొరకలేదని వాళ్ళే చెప్పాక తేదీలు ఇవ్వండి. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు 1962 చట్టంతోనే వచ్చింది. రాష్ట్రాల్లో అందరికన్నా చివర క్వీన్స్‌లాండ్ 1965లో ఇచ్చింది. అందరిలాగే ఓటరుగా నమోదు కావడం తప్పనిసరి అయింది మాత్రం 1984లో. మరి 1967 ఏం చేసింది? అక్కడ అసలు చర్చ మొదలవుతుంది. “తప్ప” పోయాక మిగిలిన వాక్యాన్ని మళ్ళీ చదివించండి. ప్రత్యేక చట్టం మేలు చేసేదే అయి ఉండాలని అందులో ఎక్కడైనా ఉందా? లేదు. ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టయిన హైకోర్టులో 1998లో హైండ్‌మార్ష్ ద్వీపం వంతెన కేసులో ఇదే ప్రశ్న వచ్చింది, న్యాయమూర్తులు ఒక్క మాట మీదకు రాలేదు. లా పిల్లలు ఇక్కడ వాదనకు దిగుతారు, నర్సింగ్ పిల్లలు వాళ్ళను గట్టిగానే నిలదీస్తారు. ఆ గంటలో నాకు పెద్దగా పనుండదు.

అదే కాగితం వెనకవైపు రెండు అంకెలు వేసుకోండి. 1967లో 90 శాతానికి పైగా అవునన్నారు. 2023 అక్టోబర్ 14న వాయిస్ రెఫరెండంలో (పార్లమెంటుకు సలహా ఇచ్చే మూలవాసుల సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా అన్నది) సుమారు 60 శాతం కాదన్నారు, ఒక్క రాష్ట్రంలో కూడా “అవును” గెలవలేదు. “జనం మారిపోయారా?” అన్న ప్రశ్న పిల్లలకు ఇట్టే తడుతుంది. దానికన్నా మంచి ప్రశ్న ఒకటి ఇవ్వండి. 1967లో ఆ ప్రతిపాదనను వ్యతిరేకించిన ఎంపీ ఒక్కరూ లేరు, అందుకే అధికారిక కరపత్రంలో దానికి “నో” వాదనే అచ్చు కాలేదు. 2023లో రెండు పక్షాలూ పోటాపోటీగా దిగాయి. దీన్నుంచి ఏం తేల్చుకుంటారో వాళ్ళకే వదిలేయండి. మీరు ఎటు ఓటేశారని అడుగుతారు. మనలో సగంమందికి ఓటే లేదు కాబట్టి ఆ చిక్కు ఎలాగూ తప్పుతుంది.

మొదటి వారం అక్నాలెడ్జ్‌మెంట్ సంగతి, అంటే మనం కూర్చున్న నేల ఎవరిదో చెప్పి క్లాసు మొదలుపెట్టడం. వెల్‌కమ్ టు కంట్రీ, అంటే తమ నేలకు స్వాగతం, చెప్పే హక్కు ఆ నేల అబొరిజినల్ సొంతదారులది, అది మనం చెప్పకూడదు. అక్నాలెడ్జ్‌మెంట్ ఎవరైనా చెప్పొచ్చు, కానీ రైలు అనౌన్స్‌మెంట్‌లా గడగడా చదివితే పిల్లలకు మొదటి నిమిషంలోనే అర్థమైపోతుంది, ఇది మొక్కుబడి అని. నేను దాన్ని పనిగా మారుస్తాను. నిన్న రాత్రి మీరు పడుకున్న చోటు ఎవరి కంట్రీయో కనుక్కుని రండి అంటాను. మెల్‌బోర్న్‌లో ఇది తేలిక ప్రశ్న కాదు: ఈ నేల సొంతదారులైన వురుంజెరి, బునురాంగ్ ప్రజల సంస్థల మధ్య గుర్తింపు సరిహద్దును విక్టోరియా అబొరిజినల్ హెరిటేజ్ కౌన్సిల్ 2021 జులై 1 నుంచి నగరం మధ్యగా మార్చింది. అయాట్సిస్ (మూలవాసుల అధ్యయనాల జాతీయ సంస్థ) వాళ్ళ మ్యాప్ చూసి వచ్చినవాళ్ళ చేత, సరిహద్దులు కచ్చితమైనవి కావని ఆ మ్యాప్ మీదే ఉన్న హెచ్చరిక కూడా చదివిస్తాను. దాన్ని గమనించినవాళ్ళు అరుదు.

ఇక మన ఇంటర్నేషనల్ విద్యార్థులు. “మేము నిన్నగాక మొన్న వచ్చాం, ఇది తెల్లవాళ్ళకూ వాళ్ళకూ ఉన్న తగువు” అని పైకి అనకపోయినా మొహంలో రాసి ఉంటుంది. ఉపన్యాసం ఇవ్వకండి. ఉంటున్న ఇంటి గురించి అడగండి. అద్దె ఎవరికి కడుతున్నావు? ఆ ఓనర్‌కు స్థలం ఎవరమ్మారు? అతనికి? ఇలా వెనక్కి వెళ్తూ ఉంటే చివరికి క్రౌన్ గ్రాంట్, అంటే బ్రిటిష్ రాజరికం పేరున ఇచ్చిన పట్టా, దగ్గర తేలుతుంది. క్రౌన్‌కు ఎవరిచ్చారు? ఇక్కడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒకటి 1835లో జాన్ బాట్‌మన్ అనే వలసదారు వురుంజెరి వాళ్ళకు దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్ళు, పిండి ఇచ్చి సుమారు 6 లక్షల ఎకరాలు రాయించుకున్నానన్న దస్తావేజు. రెండోది అదే ఏడాది గవర్నర్ బర్క్ ప్రకటన: అలాంటి ఒప్పందాలు చెల్లవు, క్రౌన్ అనుమతి లేకుండా ఆ నేల మీద ఉన్నవాళ్ళు అక్రమంగా చొరబడ్డట్టే. బాట్‌మన్ చేసింది మోసమేగా అని పిల్లలు ఒప్పుకుంటారు. బర్క్ దాన్ని మోసమని కొట్టేయలేదు, ఆ భూమి అమ్మడానికి వురుంజెరి వాళ్ళకు హక్కే లేదన్న లెక్క మీద కొట్టేశాడు. ఈ తేడా వాళ్ళంతట వాళ్ళే పట్టుకునేదాకా ఆగితే, అలాంటి హక్కు ఉందని హైకోర్టు ఒప్పుకున్న 1992 మాబో తీర్పు ఎందుకంత పెద్దదో మీరు విడిగా చెప్పనక్కర్లేదు. ఆ తీర్పు తర్వాత కూడా ఫ్రీహోల్డ్ (పూర్తి సొంత) పట్టా ఉన్న చోట నేటివ్ టైటిల్, అంటే మూలవాసుల ఆ పాత భూమి హక్కు, పోయినట్టే, అంటే ఆ అద్దె ఇంటి కింద నేలకు మాబో వర్తించదు. ఈ చివరి ముక్క మాత్రం తప్పక చెప్పండి. దాని దగ్గరే మనవాళ్ళు ఫోను పక్కన పెడతారు.

గట్టిగా చదివించడానికి కొరండెర్క్ విచారణను మించింది నాకు దొరకలేదు. మెల్‌బోర్న్‌కు దగ్గర్లోని హీల్స్‌విల్ దగ్గర 1863లో మొదలైన స్టేషన్, అంటే అబొరిజినల్ కుటుంబాలు ఉండే స్థావరం, అది. హాప్స్ పండించి బాగానే నిలదొక్కుకున్నారు. ప్రభుత్వ సంరక్షణ బోర్డు వాళ్ళను అక్కడి నుంచి లేపాలని చూస్తే, వాళ్ళ నాయకుడు విలియం బరాక్, తోటివాళ్ళు ఉత్తరాలు రాశారు, మెల్‌బోర్న్‌కు నడిచి వెళ్ళి మంత్రులను కలిశారు. 1881లో విచారణ పెట్టించారు. ప్రశ్నా జవాబూ ఉన్నది ఉన్నట్టు అచ్చయింది. నాలుగు పేజీలు తీసుకుని, ఒకరు ప్రశ్న, ఒకరు జవాబు చదవాలి. నటించకూడదు, యాస పెట్టకూడదు, ఇది ముందే గట్టిగా చెప్పండి. చదివాక ఒక్కటే అడుగుతాను: ఏ ప్రశ్నను తిప్పి తిప్పి అడిగారు, సాక్షి దేనికి పక్కకు తప్పుకున్నాడు? బోర్డు వద్దు, తమకు నచ్చిన జాన్ గ్రీన్ ఒక్కడే మేనేజరుగా చాలు అన్న డిమాండ్ ఎంత తెలివిగా మళ్ళీ మళ్ళీ వస్తుందో పిల్లలే లెక్కపెడతారు. ఆ తర్వాత 1886 చట్టం ఇవ్వండి. మిశ్రమ సంతతి అంటూ పనిచేసే వయసువాళ్ళను బయటికి పంపేసింది. గెలిచినవాళ్ళ కాళ్ళ కింద నేలను చట్టం ఎలా లాగేసిందో అప్పుడు కాగితం మీదే కనిపిస్తుంది.

ఊచకోతల వారం తేలిక కాదు. చివరి పది నిమిషాల్లో ఇరికించకండి. ఏం చదవబోతున్నామో వారం ముందే చెప్పండి, పాత కాగితాల్లోని భాష మొరటుగా ఉంటుందని కూడా. న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్ళ ఊచకోతల మ్యాప్ వాడితే ముందు దాని నిర్వచనంతో మొదలుపెట్టండి: ఆత్మరక్షణ చేసుకోలేని స్థితిలో ఉన్న ఆరుగురు లేక అంతకు మించి చనిపోతేనే లెక్క. ఐదుగురైతే? ఈ ప్రశ్న పిల్లలే అడుగుతారు. మయాల్ క్రీక్‌లో 1838 జూన్‌లో కనీసం 28 మందిని చంపినందుకు ఏడుగురిని ఉరితీశారు. మిగతా చోట్ల శిక్షలు ఎందుకు పడలేదన్నదానికి ఒక కారణం కోర్టులోనే ఉంది. క్రైస్తవ ప్రమాణం చేయలేరంటూ అబొరిజినల్ సాక్ష్యాన్నే తీసుకునేవాళ్ళు కాదు. ఫొటోలు చూపించాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

క్లాసులో అబొరిజినల్ విద్యార్థి ఉంటే, అందరూ అతనివైపు తిరిగే క్షణం ఒకటి వస్తుంది. మీరు తిరగకండి. “నువ్వేమంటావు?” అని అడగడమంటే ఫీజు కట్టి చదువుకోవడానికి వచ్చినవాడి చేత ఉచితంగా పాఠం చెప్పించుకోవడమే. ఒంటి రంగు చూసి ఎవరు అబొరిజినలో, ఎవరు కాదో ఊహించడం కూడా మానుకోండి. చనిపోయినవాళ్ళ గొంతు, బొమ్మ ఉన్న వీడియో వేసేముందు హెచ్చరించండి. ఇంట్లో సారీ బిజినెస్ (చావు తర్వాతి సంతాప ఆచారాలు) ఉందంటే సర్టిఫికెట్ అడక్కుండా గడువు పొడిగించేలా కోఆర్డినేటర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఎల్డర్‌ను, అంటే అబొరిజినల్ సమాజం పెద్దను, క్లాసుకు పిలవాలంటే సెమిస్టర్‌కు ముందే, యూనివర్సిటీ ఇండిజినస్ సెంటర్ ద్వారా అడగండి. డబ్బు ఎంత, ఎప్పుడు చేతికొస్తుంది అన్నది పిలుపుతో పాటే తేలాలి. రికార్డింగ్ అడిగాకే. “పావుగంట మాట్లాడండి” అనకండి, ఆ రోజు గంటంతా ఆయనదే, లేదా ఆవిడదే.

కుర్చీలు గుండ్రంగా వేసి యార్నింగ్ సర్కిల్ (అబొరిజినల్ వాళ్ళు చుట్టూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి) అని పేరు పెట్టడం, చుక్కల బొమ్మలు గీయించడం, ఈ రెండూ నా క్లాసులో ఉండవు. ఎయిట్ వేస్ అనే బోధనా పద్ధతి న్యూ సౌత్ వేల్స్ పశ్చిమ ప్రాంతం నుంచి వచ్చింది. దదిరి అనే మౌనంగా వినే పద్ధతి గురించి డేలీ రివర్ ఎల్డర్ మిరియమ్-రోజ్ ఉంగున్మర్-బౌమన్ చెప్పారు. వాడితే ఎక్కడిదో, ఎవరిదో చెప్పి వాడండి.

“అదంతా ఎప్పటి కథో” అనే విద్యార్థి ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. అతని నోరు మూయిస్తే మిగతావాళ్ళూ నోరు తెరవరు. ఆ వాక్యాన్ని ప్రశ్నగా మార్చి బోర్డు మీద రాసి, వచ్చే వారం కాగితంతో రా అంటాను. క్వీన్స్‌లాండ్‌లో చట్టం పేరుతో పట్టి ఉంచిన అబొరిజినల్ కార్మికుల కూలి డబ్బు కేసును ప్రభుత్వం 19 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది 2019లో. ఆ కూలి చేసినవాళ్ళలో అప్పటికి బతికున్నవాళ్ళున్నారు. ఈ సంగతి నేను చెప్పేకన్నా అతను వెతికి తెచ్చి చదివితే గది వింటుంది.

అసైన్‌మెంట్‌గా “మీ అనుభూతి రాయండి” అంటే కుప్పలుగా అపరాధభావం వస్తుంది. దాన్ని దేనితో తూచి మార్కులేస్తాం? దాని బదులు ట్రోవ్‌లో (ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్ భండారం) పాత పత్రిక నుంచో విక్టోరియా పబ్లిక్ రికార్డ్ ఆఫీసు నుంచో ఒకే ఒక్క కాగితం తీసుకోమనండి. ఎవరు రాశారు, ఎవరికి, ఏం అడిగారు, జవాబు వచ్చిందా, ఆ కాగితంలో ఎవరి మాట లేదు? ఎనిమిది వందల పదాలు చాలు. రూబ్రిక్‌లో సగం మార్కులు చివరి ప్రశ్నకు పెట్టించండి. కాపీ కొట్టిన వ్యాసం అక్కడే దొరికిపోతుంది, మార్కింగ్‌కు మనకిచ్చే గంటలు ఎలాగూ అంతంతమాత్రమే.