ట్రాంబోన్ పాఠాలు – 5: ముందు గొంతు, తర్వాత స్లైడ్

ట్రాంబోన్ అంటే ఊది వాయించే ఇత్తడి వాద్యం. దానికి ముందుకీ వెనక్కీ జరిపే గొట్టమే స్లైడ్. పోయిన పాఠంలో స్లైడ్ కదపకుండా ఒక్క స్వరాన్ని నిలబెట్టాం. ఈసారి చెయ్యి చాపుదాం.

వీణకున్నట్టు ట్రాంబోన్‌కి మెట్లు లేవు. స్లైడ్ మీద ఏడు స్థానాలున్నాయని అంటామే గానీ, అవి ఎక్కడా గీసి ఉండవు. స్లైడ్ పూర్తిగా లోపలికి ఉంటే మొదటి స్థానం, అక్కడి నుంచి ఒక్కో స్థానం బయటికి జరిపితే శ్రుతి ఒక్కో అరస్వరం దిగుతుంది. పైగా వాటి మధ్య ఎడం సమానం కాదు. మామూలు టెనర్ ట్రాంబోన్ గొట్టం పొడవు సుమారు 2.75 మీటర్లు. అందుకే ఒకటి నుంచి రెండో స్థానానికి దాదాపు 8 సెంటీమీటర్లు జరిపితే చాలు. ఆరు నుంచి ఏడుకు మాత్రం 11 దాకా జరపాలి. గొట్టం పొడుగయ్యేకొద్దీ అరస్వరానికి ఎక్కువ దూరం కావాలి మరి.

నేను మొదట్లో స్లైడ్ మీద తెల్ల టేపు ముక్కలు అంటించాను. పది నిమిషాలు వాయించేసరికి గొట్టం వేడెక్కి శ్రుతి పెరిగింది. టేపు మాత్రం అంటించిన చోటే ఉంది! ఆ రోజే పీకేశాను.

ఈ చిక్కుకి పాటే మందన్నారు ఎమరీ రెమింగ్టన్. అమెరికాలో రోచెస్టర్ ఆయన ఊరు. అక్కడి ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో వాయించారు. 1922 నుంచి 1971లో చనిపోయేదాకా ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో నేర్పారు. శిష్యులు ఆయన్ని ‘చీఫ్’ అని పిలిచేవారు. వాళ్లు వాయిస్తుంటే తానూ గొంతు కలిపేవారు. ఆ శిష్యుల్లో ఒకరైన రాల్ఫ్ సావర్ తర్వాత లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన ట్రాంబోనిస్టు అయ్యారు. ఈ వాద్యంతో బతికేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ పొద్దున్నే మొదటి పని రెమింగ్టన్ పేరుతో ఉన్న కసరత్తే. కచేరీ ఉన్న రోజైనా, పాఠం చెప్పే రోజైనా అంతే.

మనమూ అదే చేద్దాం, మన స్వరాలతో. తంబూరా యాప్‌లో నాలుగు శ్రుతి, అంటే ఎఫ్, పెట్టుకోండి. మొదటి స్థానంలో పలికే ఎఫ్ మన షడ్జమం. అక్కడి నుంచి కిందికి రెండో స్థానం కాకలి నిషాదం, మూడోది కైశికి నిషాదం, నాలుగోది చతుశ్రుతి ధైవతం, ఐదోది శుద్ధ ధైవతం, ఆరోది పంచమం, ఏడోది ప్రతి మధ్యమం.

ముందు ‘స–ని–స’ పాడండి. గొంతు తంబూరాతో కలిశాక అదే వాయించండి. ఒక్కో స్వరానికి నాలుగు అక్షరాల కాలం, నిమిషానికి 60 లెక్కన. తర్వాత స నుంచి మూడో స్థానానికి వెళ్లి రండి. ఇలా ప్రతిసారీ స దగ్గర మొదలెట్టి, మళ్లీ స దగ్గరికే రావాలి. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ధ్వని, వినిపిస్తోందంటే చెయ్యి ముందే కదిలిపోయిందన్నమాట. స్వరాన్ని చివరిదాకా నిలిపి, అప్పుడు చటుక్కున జరపండి. జారు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది మనం కావాలనుకున్నప్పుడే రావాలి.

మూడో స్థానం గంట (ట్రాంబోన్ చివర వెడల్పుగా విచ్చుకునే మూతి) అంచుకి కాస్త ఇవతల, నాలుగోది కాస్త అవతల ఉంటుంది. మొదటి వారం ఆ ఆనవాలు చూసుకోవచ్చు. శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపే ట్యూనర్ మాత్రం వద్దంటాను, ముల్లు చూస్తుంటే చెవి నిద్రపోతుంది.

ఏడో స్థానానికి భుజం లాగుతుంటే ఆరుతో ఆపేయండి. చిన్నపిల్లలకి ఆరే గగనం. రోజూ పది నిమిషాలు చాలు. వచ్చే పాఠంలో నాలుక సంగతి చూద్దాం.