ముదురు ఎరుపు గోడల పడకగది: తలుపులు, కిటికీలు, అంచులకు నప్పే రంగు ఎలా ఎంచుకోవాలి?

పడకగది గోడలకు ముదురు ఎరుపు వేయించేంత ధైర్యం చేసినవాళ్లు కూడా ద్వారబంధాల దగ్గరకు వచ్చేసరికి మెత్తబడిపోయి, "వాటికి తెలుపు కానిచ్చేయండి" అంటారు. నేనూ అదే అన్నాను. మెరూన్ గోడలు, వాటి అడుగున మెరిసే తెల్లటి స్కర్టింగ్. మరునాడు పొద్దున మంచం మీద కూర్చుని చూస్తే, ఎండ పడుతున్న గోడ దగ్గర ఆ పట్టీ లేత గులాబీ రంగులో ఉంది. తలుపు పక్కన నీడలో ఉన్న ముక్క మాత్రం కాస్త ఆకుపచ్చ కలిసినట్టు చల్లగా, పాలిపోయినట్టు ఉంది. రెండూ ఒకే డబ్బాలోని రంగు.

ఇందులో పెయింటర్ తప్పేమీ లేదు. ఎండ ఎర్రగోడ మీద పడి, ఆ ఎరుపునే పక్కనున్న తెలుపు మీదకు చిమ్ముతుంది. నీడలో జరిగేది వేరు. అక్కడ కన్నే, ఎరుపు పక్కన ఉన్న రంగుకు ఎరుపుకు ఎదురైన ఆకుపచ్చ ఛాయను అంటగడుతుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజెన్ షెవ్రుల్ 1839లోనే దీన్ని వివరించాడు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మార్చేస్తాయన్నది ఆయన గమనించిన విషయం. కాబట్టి షేడ్ కార్డును మాత్రమే చూసి అంచుల రంగును ఎంచుకోకూడదు. అంచులంటే ద్వారబంధాలు, తలుపు రెక్కలు, కిటికీ చట్రాలు, స్కర్టింగ్, గోడా పైకప్పూ కలిసేచోట ఉండే పట్టీ.

1. మీ ఎరుపు ఎటు మొగ్గుతోందో తేల్చుకోండి

ముదురు ఎరుపులన్నీ ఒకటి కావు. మెరూన్, బర్గండీ లాంటివి నీలం వైపు మొగ్గుతాయి. ఇటుక ఎరుపు, తుప్పు రంగు లాంటివి నారింజ, గోధుమ ఛాయల వైపు మొగ్గుతాయి. గోడను విడిగా చూస్తే ఇది తెలియదు. పగటి వెలుతురులో ఇటుక రంగు వస్తువునొకదాన్ని, వంగపండు రంగు వస్తువునొకదాన్ని గోడకు ఆనించి చూడండి. ఏది చుట్టంలా కలిసిపోతే మీ ఎరుపు ఆ వైపుది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని దాటేసి ముందుకు వెళ్తే మాత్రం తర్వాత వేసే ప్రతి అడుగూ ఊహే అవుతుంది.

2. బల్బుల సంగతి చూసుకోండి

పడకగదిని ఎక్కువగా చూసేది రాత్రిపూటే. మామూలు ఎల్.ఇ.డి. బల్బుల్లో చాలావాటి కింద ముదురు ఎరుపు కళ తప్పి, మట్టి రంగులోకి దిగుతుంది. ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పడానికి బల్బు పెట్టె మీద సి.ఆర్.ఐ. అనే అంకె వేస్తారు. అది ఎనిమిది లేత రంగుల సగటు. గాఢమైన ఎరుపును కొలిచే ఆర్9 అందులో కలవదు. అందుకే సి.ఆర్.ఐ. 90కి పైన ఉన్నది, ఆర్9 విలువ వేసి ఉంటే అదీ ఎక్కువగా ఉన్నది తీసుకోండి. వెలుగు పసుపుగా ఉందో, తెల్లగా ఉందో చెప్పే కెల్విన్ అంకె 2700 నుంచి 3000 మధ్య ఉంటే ఎరుపు వెచ్చగా నిలుస్తుంది. 6500 కెల్విన్ తెల్లని వెలుగు ఈ గదికి నప్పదు. బల్బు మార్చాలనుకుంటే అంచుల రంగు ఎంచుకోకముందే మార్చండి.

ఇంకొకటి. వెలుతురు బాగా తగ్గినప్పుడు కంటికి అన్నిటికంటే ముందు నల్లబడేది ఎరుపే. దీపం ఆర్పేసిన గదిలో గోడలు దాదాపు నల్లగా మాయమై, లేత రంగు చట్రాలు మాత్రమే గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. కొందరికి అది అందం. నిద్రపట్టక అటూ ఇటూ దొర్లేవాళ్లకు మాత్రం కాదు.

3. ఇప్పుడు రంగు

రంగులు వెలుతురును ఎంత తిప్పికొడతాయో చెప్పే ఎల్.ఆర్.వి. అనే కొలత ఉంది. నలుపుకు 0, తెలుపుకు 100. ముదురు ఎరుపులు సాధారణంగా 10కి అటూ ఇటూ ఉంటాయి, అచ్చ తెలుపు 80 దాటుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు గది కంటే ముందు గీతలు కనిపిస్తాయి. తలుపులు, కిటికీలు, అలమరల చట్రాలు ఎక్కువగా ఉన్న చిన్న గదిలోనైతే గోడలన్నీ ముక్కలుముక్కలుగా కోసినట్టు ఉంటుంది. చక్కగా చెక్కిన చట్రాలున్న పెద్ద గదిలో తప్ప అచ్చ తెలుపు జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

దాని బదులు కాస్త మట్టి కలిసిన తెలుపు చూడండి. ఇటుక వైపు మొగ్గిన ఎరుపుకు దంతం రంగు, మీగడ రంగు హాయిగా ఉంటాయి. మెరూన్‌కు అంత పసుపు పనికిరాదు. పసుపు ఎక్కువైన మీగడ రంగు దాని పక్కన పాతబడిపోయినట్టు ఉంటుంది. మెరూన్‌కు లేత బూడిద కలిసిన తెలుపు, గులకరాయి రంగు మేలు. బూడిద రంగుల్లో ఆకుపచ్చ ఛాయ ఉన్నవి ఎరుపు పక్కకు చేరగానే ఇంకా పచ్చబడతాయి, చూసి తీసుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చేది మరో దారి: అంచులకూ గోడ ఎరుపే వేయడం. గోడకు మెరుపు లేని మ్యాట్ పూత, చట్రాలకు కొద్దిగా మెరిసే శాటిన్ పూత. ఒకే రంగైనా మెరుపున్నచోట మరింత చిక్కగా కనిపిస్తుంది. గీతలు మాయమై చిన్న గది కూడా ఒక్కటిగా, నిండుగా ఉంటుంది. వినడానికి భయం వేస్తుంది కానీ, నాలుగు తలుపులున్న గదికి ఇంతకంటే సులువైన పరిష్కారం లేదు.

బొగ్గు రంగు చట్రాలు వెలుతురు బాగా వచ్చే గదిలోనే నిలుస్తాయి. ఆకుపచ్చ కావాలంటే బూడిద కలిసి మెత్తబడినది తీసుకోండి. నిక్కమైన పచ్చ, ఎరుపు పక్కపక్కన ఉంటే అంచు అదురుతున్నట్టు కనిపించి కళ్లు అలసిపోతాయి. ఇక మంచి కలప ఉంటే దానికి రంగు పూయవద్దు. ముదురు గోధుమ పాలిష్ ఏ ఎరుపుకైనా సరిపోతుంది. నారింజ ఛాయ పాలిష్ మాత్రం ఇటుక ఎరుపుతోనే సర్దుకుంటుంది, మెరూన్‌తో కయ్యానికి దిగుతుంది.

4. సన్నటి నమూనాతో చూడండి

అంచులు సన్నగా ఉంటాయి కాబట్టి నమూనా కూడా సన్నగానే ఉండాలి. స్కర్టింగ్ ఎంత ఎత్తుందో అంత వెడల్పున, మీటరు పొడవున అట్టముక్క కోసి, అనుకున్న రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఎర్రగోడ అడుగున నిలబెట్టి, వెనుకనున్న పాత రంగు కనబడకుండా చూసుకోండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి బల్బు కింద, తలుపు పక్కన నీడలో చూడండి. చివరగా మంచం మీద తల పెట్టుకుని చూడండి. మీరు రోజూ చూసేది అక్కడి నుంచే. మూడు రంగులకు మించి పరీక్షించవద్దు, తేల్చుకోలేరు.

5. వేయించేటప్పుడు

లేత రంగు అంచులకు మరీ మెరిసే గ్లాసీ పెయింట్ వద్దు, గోడ ఎరుపు అందులో అద్దంలోలా తేలుతుంది. శాటిన్ చాలు. నూనె ఆధారిత తెల్ల ఎనామిల్ వెలుతురు తగలని చోట క్రమంగా పసుపెక్కుతుంది. తెరలు ఎప్పుడూ వేసి ఉండే పడకగదికి నీటి ఆధారిత రకం నయం.

ముందు అంచులకు ప్రైమర్, ఒక పూత, తర్వాత గోడలు, చివర అంచులకు ఆఖరి పూత. ఎరుపు తుంపరలు ఎంత జాగ్రత్తపడినా పడతాయి, ఆఖరి పూత వాటిని కప్పేస్తుంది. గోడ బాగా ఆరాక దాని మీద, చట్రానికి ఆనుకుని మాస్కింగ్ టేపు అంటించి, టేపు అంచు వెంట ముందుగా గోడ ఎరుపునే పలుచగా ఒకసారి లాగండి. టేపు కింద సందులేమైనా ఉంటే ఆ ఎరుపుతోనే మూసుకుపోతాయి. అది ఆరాక అంచు రంగు వేసి, పూత పచ్చిగా ఉండగానే టేపును వాలుగా, మెల్లగా లాగేయండి.

స్విచ్‌బోర్డులను అందరూ మరిచిపోతారు. చట్రాలకు దంతం రంగు వేసిన గదిలో, ఎర్రగోడ మధ్య తళతళలాడే తెల్ల ప్లాస్టిక్ పలక ఒక్కటే కంటికి తగులుతుంది. పాత పలకలు విప్పి ఉన్నప్పుడే అంచులకు దగ్గరి రంగువి మార్పించేయండి.