మంచు దేశంలో తొలి చలికాలం: పిల్లల మనసు విప్పే బొమ్మల పుస్తకాలు

ఆగస్టులోనో సెప్టెంబరులోనో పిల్లలతో అమెరికాకో కెనడాకో వచ్చినవాళ్లకు మొదటి రెండు నెలలు ఇల్లు వెతుక్కోవడం, బడిలో చేర్చడం, బ్యాంకు పనులు, డ్రైవింగ్ లైసెన్సులతోనే సరిపోతాయి. పిల్లలు బాగానే అలవాటు పడుతున్నారనిపిస్తుంది. నవంబరు మొదటి ఆదివారం వసంతంలో ఒక గంట ముందుకు జరిపిన గడియారాలు దాదాపు అన్నిచోట్లా మళ్లీ ఒక గంట వెనక్కి జరుగుతాయి. మర్నాటి నుంచి చాలా ఉత్తరాది ఊళ్లలో సాయంత్రం అయిదు ప్రాంతంలోనే పొద్దుకుంకుతుంది. ఆడుకోవడానికి బయటికి వెళ్లాలంటే జాకెట్, బూట్లు, టోపీ, చేతి తొడుగులు అన్నీ వేసుకోవాలి. అప్పటిదాకా హుషారుగా ఉన్న పిల్ల పొద్దున్నే బడికి వెళ్లనని మొండికేస్తుంది. పిల్లవాడు చిన్న మాటకే ఏడుస్తాడు, రాత్రి అమ్మమ్మ కావాలంటాడు. పెద్దవాళ్లు దాన్ని మారాం అనుకుంటారు. చాలాసార్లు అది బెంగే, కానీ పేరు తెలియక వాళ్లు చెప్పలేరు.

ఈ సమయంలో చలికాలం కథలున్న బొమ్మల పుస్తకాలు మనకు ఎంతో పనికొస్తాయి. "నీకేమైంది?" అని సూటిగా అడిగితే అయిదేళ్ల పిల్లలు "ఏం లేదు" అనేస్తారు. "ఈ బొమ్మలో బాబు ఎందుకలా కూర్చున్నాడు?" అంటే మాత్రం చాలా చెప్తారు. అందులో సగం వాళ్ల సంగతే ఉంటుంది. పైగా చలికాలం పుస్తకాల్లో కనిపించే మంచు, బరువైన కోటు, త్వరగా పడే చీకటి వాళ్లు ఆ రోజే కిటికీలోంచి చూసినవి. కథకీ తమకీ ఉన్న దూరం తగ్గిపోతుంది.

మొదట ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. ఈ పుస్తకాలను తెలుగులో చదవండి. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా సరే, ముందు మీరొక్కరే ఓసారి తిరగేసి, తర్వాత బొమ్మలు చూపిస్తూ కథ తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు బడిలో ఎలాగూ వస్తుంది. కోపం, భయం, బిడియం, ఉక్రోషం, నిరాశ, బెంగ లాంటి మాటలు మాత్రం ఇంట్లో మీ నోటి నుంచి వింటేనే పిల్లలకు దక్కుతాయి. తన మనసులో ఏముందో తెలుగులో చెప్పడం వచ్చిన పిల్లకు అదే విషయానికి ఇంగ్లీషు మాట దొరకడం ఎంతో తేలిక. మీ ఇంగ్లీషు ఉచ్చారణ గురించి టెన్షన్ పడి పుస్తకం పక్కన పెట్టేయకండి.

బడిలో వినబడే మాటలు

టీచర్‌తో మొదటి సమావేశంలోనే 'ఎస్‌.ఇ.ఎల్‌.' అనే మాట మీ చెవిన పడవచ్చు. సోషల్ ఎమోషనల్ లెర్నింగ్‌కి అది పొట్టిపేరు. 1994లో మొదలైన కాసెల్ అనే అమెరికన్ సంస్థ దాన్ని అయిదు భాగాలుగా చెప్తుంది. తన మనసు తాను గుర్తుపట్టడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల స్థితి అర్థం చేసుకోవడం, స్నేహాలు నిలుపుకోవడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. మీ అబ్బాయి ఇంటికొచ్చి "నేను యెల్లో జోన్‌లో ఉన్నా" అంటే కంగారుపడకండి. చాలా బడుల్లో మనసు స్థితిని నాలుగు రంగులతో చెప్పిస్తారు. నీలం అంటే దిగులు, నీరసం. ఆకుపచ్చ అంటే స్థిమితంగా ఉండటం. పసుపు అంటే చిరాకు, ఆత్రం, టెన్షన్. ఎరుపు అంటే కోపమో భయమో అదుపు దాటిపోవడం. వీటిలో తప్పు రంగు అంటూ లేదని టీచర్లు చెప్తారు, ఇంట్లో మీరూ అలాగే చెప్పండి. పుస్తకం చదివేటప్పుడు "ఈ ఎలుగుబంటి ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అని అడిగితే బడిలో నేర్చింది ఇంట్లోకి వస్తుంది.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

నన్నడిగితే ఎజ్రా జాక్ కీట్స్ రాసి, బొమ్మలు వేసిన 'ది స్నోయీ డే'తో. 1962లో వచ్చింది, మరుసటేడు అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన చరిత్రలో పాఠకులు అన్నిటికన్నా ఎక్కువసార్లు తీసుకెళ్లిన పుస్తకాల జాబితాను 2020లో ప్రకటిస్తే, మొదటి స్థానం దీనిదే. పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు పొద్దున్నే లేచి చూస్తే ఊరంతా మంచు. ఎర్ర కోటు వేసుకుని ఒక్కడే బయటికి వెళ్తాడు. కథ అంతే, కానీ ఆగి మాట్లాడుకోవలసిన చోట్లు అందులో రెండున్నాయి.

ఒకటి, పెద్దపిల్లలు మంచు ఉండలు విసురుకుంటూ ఆడుతుంటే పీటర్‌కి వాళ్లతో చేరాలనిపిస్తుంది. తనింకా చిన్నవాడినని తెలిసి వెనక్కి తగ్గుతాడు. తర్వాత తనే ఒక మంచుమనిషిని చేసుకుంటాడు. కొత్త బడిలో మైదానం అంచున నిలబడి చూస్తున్న మన పిల్లలకు ఈ పేజీ ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు. అక్కడ ఆగి, "వాళ్లతో ఆడాలని ఉన్నా కుదరకపోతే ఎలా ఉంటుంది? పీటర్ ఏం చేశాడు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా పేజీ తిప్పకండి.

రెండోది, పీటర్ ఒక మంచు ఉండను రేపటికని జేబులో దాచుకుంటాడు. నిద్రపోయే ముందు చూసుకుంటే జేబు ఖాళీ. చాలా దిగులు పడతాడు. ఇక్కడ మనం వెంటనే "మంచు వేడికి కరుగుతుంది నాన్నా" అంటూ సైన్సు పాఠంలోకి వెళ్లిపోతాం. ఆ పాఠం రేపు చెప్పుకోవచ్చు. ఆ క్షణంలో "అయ్యో, ఎంత బాధేసి ఉంటుందో" అని పిల్లతో పాటు కాసేపు ఊరుకోండి. దిగులును సరిచేయకుండా, కొట్టిపారేయకుండా పక్కన కూర్చోవచ్చని పిల్లలకు అలాగే తెలుస్తుంది.

తనను వదిలేసి అందరూ ఆడుకున్నారన్న బాధ ఉన్న పిల్లలకు కార్మా విల్సన్ రాసిన 'బేర్ స్నోర్స్ ఆన్' సరిపోతుంది. చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంటి గుహలోకి చలికి తాళలేక ఎలుక, కుందేలు, ఇంకా కొన్ని ప్రాణులు ఒక్కొక్కటిగా చేరి సందడి చేస్తాయి. ఎలుగు లేచి గర్జిస్తుంది. అందరూ హడలిపోతారు. తర్వాత అది ఏడుస్తుంది, తను లేకుండా వాళ్లంతా సరదాగా గడిపారని! పైకి కనబడింది కోపం, లోపల ఉన్నది బాధ. ఈ ఒక్క సంగతి పిల్లలకు పట్టుబడితే, తరగతిలో తనను తోసిన పిల్లవాణ్ణి కూడా వాళ్లు వేరే కంటితో చూడగలరు. తల్లిదండ్రులకూ ఇది అక్కరకొస్తుంది. బూటు విసిరికొట్టిన పిల్లను తిట్టే ముందు "ఇది గర్జనా, ఏడుపా?" అని అడిగి చూడండి.

మాటలు దాదాపుగా లేని పుస్తకాలు మన ఇళ్లకు వరం. మాథ్యూ కార్డెల్ 'వుల్ఫ్ ఇన్ ది స్నో'కి 2018లో కాల్డెకాట్ వచ్చింది. అందులో ఉన్నవి చాలావరకు శబ్దాలే. బడి నుంచి వస్తూ మంచు తుపానులో చిక్కుకున్న ఒక అమ్మాయికి, గుంపు నుంచి తప్పిపోయిన తోడేలు పిల్ల కనిపిస్తుంది. దాన్ని తల్లి దగ్గరికి చేరుస్తుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి అలసి పడిపోతే తోడేళ్లు చుట్టూ చేరి ఊళ వేస్తాయి. ఆ ఊళ విని ఇంటివాళ్లు వెతుక్కుంటూ వస్తారు. భయం, జాలి, ధైర్యం, సాయం అన్నీ బొమ్మల్లోనే ఉంటాయి. ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. వీడియో కాల్‌లో అమ్మమ్మకో తాతయ్యకో ఒక్కో పేజీ చూపిస్తూ కథ పిల్లలనే చెప్పమనండి. "బడి ఎలా ఉంది? బాగుంది" దగ్గరే ఆగిపోయే ఫోన్ మాటలకు ఇది మంచి ఊపు. తాతయ్య అడ్డం వచ్చి "మరి ఆ పిల్లకు భయం వెయ్యలేదూ?" అంటే ఇంకా మంచిది.

పొద్దున్నే కోటు దగ్గర గొడవ పడే ఇంట్లో కెనడాలో అందరికీ తెలిసిన రాబర్ట్ మన్ష్ 'థామసెస్ స్నోసూట్' ఉండాలి. మంచు సూటు వేసుకోనంటే వేసుకోనని ఒక పిల్లవాడు ఇంట్లో అమ్మనీ బడిలో టీచర్‌నీ ప్రిన్సిపాల్‌నీ హడలెత్తిస్తాడు. నీతి ఏమీ లేదు, పగలబడి నవ్వడమే. తన మొండితనాన్ని తనే చూసి నవ్వగలిగిన పిల్ల మర్నాడు జిప్పు దగ్గర కొంచెం తగ్గుతుంది. ఉక్రేనియన్ జానపద కథ ఆధారంగా జాన్ బ్రెట్ రాసిన 'ది మిటెన్', మంచులో పడిపోయిన ఒక చేతి తొడుగులోకి జంతువులన్నీ దూరే కథ, చోటు పంచుకోవడం గురించి మాట్లాడటానికి బాగుంటుంది.

రేమండ్ బ్రిగ్స్ 'ది స్నోమ్యాన్' గొప్ప పుస్తకమే. ఒక్క మాట లేకుండా సాగుతుంది. కానీ చివర్లో మంచుమనిషి కరిగిపోతాడు. ఊళ్లో వదిలి వచ్చినవాళ్ల మీద బెంగ తాజాగా ఉన్న పిల్లలకు దీన్ని రాత్రి పడుకోబెట్టే ముందు చూపించకండి. ఒక ఆదివారం పగటిపూట, తీరిగ్గా కూర్చుని, చివరి బొమ్మ దగ్గర వాళ్లు ఏడ్చినా ఏడవనిచ్చే సమయం ఉన్నప్పుడు చూడండి.

చదివే తీరు

గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన తోటి పరిశోధకులు 1980లలో పిల్లలతో పుస్తకం చదివే ఒక పద్ధతి రూపొందించారు. అందులో పెద్దవాళ్లు మెల్లగా శ్రోతలుగా మారతారు, పిల్లలు కథ చెప్పేవాళ్లవుతారు. ఇంట్లో చేయడం కష్టం కాదు. మొదటిసారి కథ మీరు చెప్పండి. రెండోసారి "ఎవరు, ఎందుకు, ఇప్పుడేమవుతుంది" అని అడగండి. వాళ్లు "బాధ" అని ఒక్క మాట అంటే, మీరు దాన్ని కొంచెం పెంచండి: "అవును, దాచుకున్నది పోయిందని బాధ." మూడోసారికి పుస్తకం వాళ్ల చేతికివ్వండి. రోజుకో కొత్త పుస్తకం కంటే వారమంతా ఒకే పుస్తకం మేలు. పేజీపేజీకీ ప్రశ్నలేస్తే అది పరీక్ష అయిపోతుంది, రెండు చోట్ల ఆగితే చాలు. ముఖ్యంగా, పుస్తకం మూశాక "చూశావా, నువ్వు కూడా ఇలాగే ఉండాలి" అనకండి. అలా అన్న మరుక్షణం పిల్లలు మనసు తలుపు వేసేస్తారు.

పుస్తకంలోంచి శరీరంలోకి ఒక చిన్న అభ్యాసం తీసుకురావచ్చు. చల్లటి కిటికీ అద్దం మీద నెమ్మదిగా ఊదితే ఆవిరి పడుతుంది. గట్టిగా, వేగంగా ఊదితే సరిగా పట్టదు. కోపం వచ్చినప్పుడు అద్దం దగ్గరికి వెళ్లి, నిదానంగా ఊది, ఆ ఆవిరి మీద తన ముఖం ఎలా ఉందో వేలితో గీయమనండి. ఊపిరి నిదానిస్తే గుండె దడ కూడా తగ్గుతుంది. ఇది కోపం లేని వేళ ఆటగా నేర్పితేనే కోపంలో గుర్తొస్తుంది.

పుస్తకాలు ఎక్కడ

కొనాల్సిన పని లేదు. మీరుండే ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఆ ఊరివాళ్లకు సాధారణంగా కార్డు ఉచితం. గుర్తింపు కార్డు, చిరునామా చూపే కాగితం తీసుకెళ్లండి. మంచు పడటం మొదలయ్యాక చలికాలం పుస్తకాలన్నీ బయటే ఉంటాయి కాబట్టి అక్టోబరులోనే ఆన్‌లైన్‌లో 'హోల్డ్' పెట్టుకోండి, అంటే పుస్తకం మీకోసం పక్కన ఉంచమని అడగండి. పిల్లల విభాగం లైబ్రేరియన్‌ని మొహమాటపడకుండా అడగండి. "మా పాప కొత్తగా వచ్చింది, ఒంటరిగా ఉంటోంది, మాటలు తక్కువున్న పుస్తకం కావాలి" అంటే చాలు, నాలుగైదు తెచ్చి చేతిలో పెడతారు. పిల్లలకు కథలు చదివి వినిపించే వారంవారం స్టోరీటైమ్‌కి తీసుకెళ్తే పిల్లలకే కాదు, మీకూ మొదటి పరిచయాలు అక్కడే దొరకవచ్చు.

పుస్తకంతో తీరనివీ ఉంటాయి. కొత్త భాష మధ్య పడిన పిల్లలు కొన్నాళ్లు బడిలో మౌనంగా ఉండిపోవడం మామూలే, వింటూ నేర్చుకుంటుంటారు. కానీ ఇంట్లో కూడా మాట తగ్గినా, తిండి, నిద్ర చెడినా, రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా వారాల తరబడి ఆగకండి. టీచర్‌తో, స్కూల్ కౌన్సెలర్‌తో, పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. అనువాదకులు కావాలని అడగడానికి సంకోచించకండి. ఆ సమావేశానికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మీ పిల్ల వాడే తెలుగు మాటలు కొన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థంతో సహా రాసి టీచర్‌కి ఇవ్వండి. భయం, నొప్పి, దాహం, అమ్మ కావాలి లాంటివి. ఇంట్లో ఏ పుస్తకం చదువుతున్నారో కూడా దాని కిందే రాయండి. అదే పుస్తకం తరగతిలో చదివితే, కథ ముందే తెలిసిన మీ పిల్ల చెయ్యెత్తడానికి ధైర్యం చేస్తుంది.