యూరియా చల్లే ముందు ఆకు వయసు చూడండి

మహారాష్ట్రలో సిరొంచ వైపు వరి మళ్లలోనైనా, రాజురా నల్లరేగడి పత్తిలోనైనా ఆకు పాలిపోతే చాలామంది ముందు యూరియా బస్తా విప్పుతారు. నత్రజని లోపమైతే మంచిదే. జింకో ఇనుమో తక్కువైతే ఆ డబ్బు దండగ.

పసుపు ఏ ఆకులో మొదలైందో ముందు చూడండి. నత్రజని, మెగ్నీషియం ముదురాకు నుంచి లేతాకుకు తరలిపోతాయి కాబట్టి వాటి లోపం కింది ఆకుల్లో బయటపడుతుంది. ఇనుము చేరిన ఆకును వదిలి రాదు. అది తక్కువైతే చిగురాకు పసుపెక్కుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ముదిరితే ఆకంతా తెల్లబడుతుంది. పత్రహరితం తయారవ్వాలంటే ఇనుము ఉండాలి. అది లేని ఆకుకు ఎంత ఎండ తగిలినా ఆహారం తయారుకాదు.

వరిలో జింకు లోపం నాటిన 2–4 వారాలకు కనిపిస్తుంది. పైనుంచి మూడో, నాలుగో ఆకు పట్టుకోండి. ఆకు మొదలు దగ్గర నడిమి ఈనె పాలిపోయి, ఇరువైపులా తుప్పు రంగు మచ్చలుంటాయి. వంచితే చిన్న శబ్దంతో పుటుక్కున విరుగుతుంది. ఇలా ఉంటే నిలువ నీరు తీసేసి, 16 లీటర్ల ట్యాంకుకు 32 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, 5 రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ఇందులో పురుగుమందు కలపొద్దు. దమ్ములో (నాటే ముందు బురద దున్నకంలో) జింక్ సల్ఫేట్ వేసేటప్పుడు భాస్వరం ఎరువైన డీఏపీతో కలిపితే భాస్వరం జింకును పట్టేసి వేరుకు అందకుండా చేస్తుంది. రెంటికీ కనీసం 3 రోజుల తేడా ఉండాలి.

ఇనుము లోపం మెట్ట నారుమళ్లలో, సున్నం ఎక్కువున్న నేలల్లో ఎక్కువ. ట్యాంకుకు 16 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ముందు కరిగించి, తర్వాత 80 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్) వేయండి. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే ఇనుము తుప్పుగా మారినట్టే, ఆకుకు పనికిరాదు. అప్పటికప్పుడు కలిపి సాయంత్రం కొట్టండి.

అనుమానముంటే ముందు నాలుగు సాళ్లకే కొట్టి వారం ఆగండి. మచ్చపడిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చిన ఆకునే పక్క సాళ్లతో పోల్చాలి.

మట్టి పరీక్షకు ఎకరాలో 8–10 చోట్ల 6 అంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. తుప్పు పార, జింకు పూత బకెట్ వాడితే లెక్క తప్పుతుంది. కర్ర, ప్లాస్టిక్ వాడండి. మరాఠీలో వచ్చే మట్టి పరీక్ష కార్డులో ‘జస్త్’ అంటే జింకు. అది 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువుంటే వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి.