ఉమ్మడి ఇంట్లోంచి విడిగా వెళ్లే ముందు జాగ్రత్తలు

భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్న ఇల్లు వదిలి వెళ్లినంత మాత్రాన వాటా పోదు. కానీ తొందరపాటు సంతకంతో పోతుంది.

• సేల్ డీడ్‌లో వాటాలు రాసి ఉన్నాయా చూడండి. లేకపోతే ఎవరు ఎంత పెట్టారన్నది లెక్కకొస్తుంది. అదీ తేలకపోతే సమాన వాటాలే. అందుకే డౌన్ పేమెంట్, ఈఎంఐలు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి.

• సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఇంటిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు అందులో కనబడవు.

• జీపీఏ (మీ తరఫున ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం) ఇచ్చి ఉంటే రద్దు చేసి, తీసుకున్నవారికి రాతపూర్వకంగా తెలపండి.

• హోమ్ లోన్ ఇద్దరి పేరునా ఉంటే, మీలో మీరు ఏం రాసుకున్నా బ్యాంకుకు పట్టదు. ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. ముందు బ్యాంకు మీ పేరు లోన్‌లోంచి తీసేసినట్టు లెటర్ ఇవ్వాలి, ఆ తర్వాతే రిలీజ్ డీడ్‌పై, అంటే వాటా వదులుకునే పత్రంపై, సంతకం. ఈ వరుస తప్పితే ఇల్లు వారికి, అప్పు మీకు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

• స్టాంపు పేపరుపై రాసుకుంటే చాలదు, ఆ రిలీజ్ డీడ్ రిజిస్టర్ కావాలి.

• సామాను, నగలు, పత్రాలు వీడియో తీయండి.

• 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తన పేరున లేకపోయినా, కలిసి కాపురమున్న ఇంట్లోంచి భార్యను చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదు. తాళం మార్చేస్తే 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును నివాస ఉత్తర్వు అడగవచ్చు. ప్రాణభయం ఉంటే మాత్రం కాగితాల కోసం ఆగకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.