వెనక్కి తొక్కితే ఆగే సైకిల్: హబ్ విప్పి గ్రీసు మార్చే పద్ధతి

మా పెదనాన్న మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్‌కి వెనక బ్రేకు రాడ్డు ఉండదు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. వెనక చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే హబ్ మీద టార్పెడో అని ఉంటుంది. జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్స్ 1903లో తెచ్చిన రకం అది. తిరుపతిలో ఒక షాపులో చూపిస్తే, "ఏందన్నా ఇది, తీసేసి ఫ్రీవీల్ వేసుకో" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంట్లోనే విప్పడం నేర్చుకున్నాను.

ఈ బ్రేకులో రబ్బరు ఉండదు. వెనక్కి తొక్కగానే లోపలున్న కోన్, అంటే శంకువు ఆకారపు ముక్క, పక్కకు జరిగి, చీలిక ఉన్న ఒక లోహపు గొట్టాన్ని విప్పార్చుతుంది. ఆ గొట్టం హబ్ లోపలి గోడను ఒరుసుకుంటుంది. లోహం మీద లోహం కాబట్టి వేడి పుడుతుంది, గ్రీసు మాడిపోతుంది. అలిపిరి వైపు నుంచి ఊళ్లోకి బ్రేకు పట్టుకుంటూ దిగాక హబ్ ముట్టుకోండి, వెచ్చగా తగులుతుంది. 1970లలో కాలిఫోర్నియాలో ఒక కొండదారిలో ఇలాంటి బ్రేకులున్న సైకిళ్లతో రేసులు పెట్టేవాళ్లు. ఒక్కసారి దిగేసరికి గ్రీసు పొగైపోయి, మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అని పేరొచ్చింది.

హబ్ పక్కనుంచి ఫ్రేము పైపు దాకా వచ్చే లోహపు పట్టీని బ్రేకు చెయ్యి అంటారు. ముందు దాన్ని పైపుకి పట్టి ఉంచే క్లిప్పు బోల్టు తీయండి. తర్వాత చక్రం ఊడదీయండి. చెయ్యి ఉన్న వైపు లాక్ నట్టు వదులు చేసి, చెయ్యి, కోన్, గొట్టం ఒక్కొక్కటే బయటికి తీయాలి. పాత పంచె పరిచి, తీసిన వరుసలోనే పేర్చి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బాల్స్ ఉన్న పంజరం ఏ ముఖం ఎటు ఉందో ఆ ఫొటోలో కనపడాలి. అది తిరగబడితే ఇరుసు పట్టేస్తుంది.

అన్నీ డీజిల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో పొడిగా తుడవండి. ఇప్పుడు వెలుతురులో చూడాలి. కోన్ మీద బాల్స్ తిరిగే దారిని గోటితో తడమండి. గుంట తగిలితే అది పనికిరాదు. గొట్టం పైన గీతలు అరిగి అద్దంలా మెరుస్తుంటే బ్రేకు జారుతుంది, మార్చుకోవడమే మేలు.

గ్రీసు దగ్గర నేనొక తప్పు చేశాను. ముందుకు తొక్కినప్పుడు హబ్‌ని పట్టి తిప్పే చిన్న రోలర్లకు కూడా చిక్కటి గ్రీసు దట్టించాను. మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే పెడల్ జారి పిక్కకు కొట్టింది. రోలర్లు గ్రీసులో అతుక్కుని టైముకి పట్టలేదు. వాటికి పల్చటి నూనె చాలు. బాల్స్‌కి, బ్రేకు గొట్టానికి మాత్రం వేడిని తట్టుకునే గ్రీసు ధారాళంగా పెట్టండి. గొట్టాన్ని పొడిగా వదిలేస్తే హబ్ లోపలి గోడ గీసుకుపోతుంది.

బిగించేటప్పుడు రిమ్ము పట్టుకుని పక్కకు ఊపండి. వదులుగా కదలకూడదు. ఇరుసు పట్టుకుని చక్రాన్ని పైకెత్తితే, ట్యూబు వాల్వు బరువుకే చక్రం తిరిగి, వాల్వు కిందికి రావాలి. నట్టు చివరగా బిగిస్తే సర్దుబాటు కాస్త మారుతుంది కాబట్టి రెండు మూడుసార్లు సరిచూడక తప్పదు.

చైను మధ్యలో అర అంగుళం వదులుంచండి. చైను తెగితే వెనక బ్రేకు లేనట్టే, కాబట్టి ముందు బ్రేకు తప్పనిసరి. క్లిప్పు బోల్టు బిగించకుండా సైకిల్ ఎక్కొద్దు. బిగించకపోతే బ్రేకు వేసినప్పుడు ఆ చెయ్యే గిర్రున తిరిగి, స్పోకులూ విరుస్తుంది. మొదట చదును రోడ్డు మీద, నెమ్మదిగా, పదిసార్లు ఆపి చూడండి. ఒక కిలోమీటరు పోయాక దిగి, ఆ బోల్టుకి మళ్లీ ఒకసారి పానా వేయండి.